గ్రాములు తగ్గించుకుని వెళ్తే సీసం కట్టించారు

పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు మించని పెట్టెనే చాలా విమానయాన సంస్థలు మామూలు సామానుగా ఒప్పుకుంటాయి. మించితే అదనపు రుసుము కట్టాలి, ఆ రుసుము ఒక్కోసారి పెట్టెలోని వస్తువు ఖరీదునే దాటిపోతుంది. జర్మనీలోని వాసర్‌కుప్పె కొండ మీద ఎగరేయాలని మూడు మీటర్ల రెక్కలున్న, రేడియోతో నడిపే మోటారు లేని నమూనా విమానాన్ని, అంటే గ్లైడర్‌ను, కట్టడం మొదలుపెట్టినప్పుడు, గాలి వేగం కన్నా రెక్క ఆకృతి కన్నా ముందు నేను లెక్కలోకి తీసుకోవలసి వచ్చింది ఈ అంకెనే. మామూలుగా అంత రెక్కను ఒకటిన్నర మీటర్ల చొప్పున రెండు భాగాలుగా చేసి మధ్యలో కార్బన్ కడ్డీతో కలుపుతారు. నేను మీటరు చొప్పున మూడు భాగాలు చేశాను. ముక్కు నుంచి తోక దాకా 1.4 మీటర్లు వచ్చిన దేహాన్ని కూడా రెక్క వెనక అంచు దగ్గర విడదీసి, తోకను మోసే కార్బన్ గొట్టం ఊడివచ్చేలా ఏర్పాటు చేశాను. చివరికి 105, 30, 20 సెంటీమీటర్ల కొలతలున్న పెట్టెలో విమానం మొత్తం ఒదిగింది.

అలా ఒదిగించడంలో బరువు పెరిగింది. ప్రతి అతుకు దగ్గరా ఒక తొడుగు గొట్టం, దాని చుట్టూ గట్టి చెక్క, విమానాన్ని పక్కలకు వంచే రెక్క పలకలను (ఏలెరాన్లను) కదిపే చిన్న యంత్రాల, అంటే సర్వోల, తీగలకు ఒక జత ప్లగ్గులు వచ్చి చేరాయి. తోక వైపు పెరిగే బరువు మరీ చెడ్డది. విమానం బరువంతా తూగే బిందువైన గరిమనాభి నుంచి తోక ఉన్నంత దూరంలో ముక్కు ఉండదు కాబట్టి, తోకలో ఒక గ్రాము పెరిగితే నా గ్లైడర్ ముక్కులో దాదాపు రెండున్నర గ్రాములు కలిపితే గానీ తూకం కుదరదు. అందువల్ల మిగతా చోట్లంతటా గ్రాముల వేట సాగింది. రెక్కకు ఆకృతినిచ్చే అడ్డు ముక్కల, అంటే రిబ్బుల, కోసం బాల్సా అనే తేలిక చెక్కతో చేసిన రెండు మిల్లీమీటర్ల పలకలను ఒక్కొక్కటిగా తూచి తేలికైనవి ఏరాను. రెక్క పొడవునా పోయే దూలమైన స్పార్ పైపట్టీకీ కిందిపట్టీకీ స్ప్రూస్ కర్ర వాడి, వాటి మధ్య పీచు నిలువుగా ఉండేలా బాల్సా ముక్కలు నింపాను. ముందు అంచు నుంచి స్పార్ దాకా పైనా కిందా ఒకటిన్నర మిల్లీమీటర్ల బాల్సా పలక తొడిగాను. ఆ తొడుగూ స్పారూ కలిసి మూసుకున్న గొట్టంగా మారి రెక్క మెలి తిరగకుండా కాపాడతాయి. స్పార్ వెనక భాగానికి వేడి తగిలితే బిగుసుకునే ప్లాస్టిక్ పొర తప్ప మరేమీ లేదు. రెక్క అడ్డుకోతకు ఎస్‌డీ 7037 ఎంచుకున్నాను. మైకేల్ సెలిగ్, జాన్ డోనోవన్ రూపొందించిన ఈ ఆకృతికి నెమ్మదిగా చుట్టు తిరుగుతూ థర్మల్‌లో, అంటే ఎండకు వేడెక్కి పైకి లేచే గాలిలో, నిలవడంలో మంచి పేరుంది. నాలుగు సర్వోలు, రిసీవర్, బ్యాటరీ అన్నీ కలిపి 1,500 గ్రాముల దగ్గర ఆగింది. రెక్క వైశాల్యం 60 చదరపు డెసీమీటర్లు కాబట్టి ఒక్కో చదరపు డెసీమీటరు మోసేది 25 గ్రాములు. చదునైన మైదానంలో రబ్బరు తాడుతో పైకి లాగి వదిలి, థర్మల్ కోసం వెతుక్కునే నాలాంటి వాడికి అది గర్వంగా చెప్పుకోదగిన అంకె.

కాగితాల పని చెక్క పని కన్నా విసిగించింది. ఐరోపా యూనియన్ 2019/947 నిబంధన ప్రకారం 250 గ్రాములు, ఆ పైన బరువున్న నమూనాను ఎగరేసేవాళ్లు ఆపరేటర్‌గా నమోదు చేసుకుని, ఆ సంఖ్యను విమానం మీద అతికించాలి. బయటి దేశాల నుంచి వచ్చేవాళ్లు యూనియన్‌లో మొదట ఏ దేశంలో ఎగరేస్తారో అక్కడ నమోదు కావాలి. జర్మనీలో ఇతరులకు జరిగే నష్టానికి బీమా కూడా తప్పనిసరి. ఇవన్నీ సబబైనవే, కానీ మోటారైనా లేని చెక్క విమానాన్నీ కెమెరా డ్రోన్‌నూ ఒకే గాటన కట్టారన్న చిరాకు మాత్రం నాకు ఇంకా పోలేదు. దానికి తోడు నా 2.4 గిగాహెర్ట్జ్ సెట్టుకు ఐరోపాలో వాడవలసిన సాఫ్ట్‌వేర్ వేరు. ట్రాన్స్‌మిటర్‌లో మార్చి రిసీవర్‌లో మార్చకపోతే రెండింటికీ మాట కలవదు. మార్చిన తర్వాత సర్వోల దిశలూ, సంకేతం తెగిపోతే ఏం చేయాలో చెప్పే ఫెయిల్‌సేఫ్ అమరికా మళ్లీ మొదటి నుంచి సరిచూసుకోవాలి.

విమానాశ్రయంలో సామాను కౌంటర్ దగ్గర టేపు తెచ్చి పెట్టెను రెండుసార్లు కొలిచారు. మూడు సెంటీమీటర్లు తక్కువే ఉందని తేలినప్పుడు ఆ ఉద్యోగి ముఖంలో కనిపించిన నిరాశ నాకు ఆ రోజంతటిలో దక్కిన ఒకే ఒక ఆనందం. లిథియం బ్యాటరీలను విడిగా కింది సామానులో పెట్టకూడదు కాబట్టి ట్రాన్స్‌మిటర్‌ను, దాని బ్యాటరీని చేతి సంచిలోనే ఉంచుకున్నాను. వంద వాట్-అవర్ల లోపు ఉన్నవాటికి సంస్థ అనుమతి అక్కర్లేదని నిబంధన ఉన్నా, తనిఖీ బల్ల దగ్గర దాన్ని వివరించి చెప్పవలసిందే. రెండు కర్రలూ బోలెడన్ని మీటలూ ఉన్న ఆ ట్రాన్స్‌మిటర్‌ను వాళ్లు అటూ ఇటూ తిప్పి చూశారు. గ్లైడర్ ముక్కులో నాలుగు నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్‌లు పెట్టింది ఈ గొడవ తప్పించుకోవడానికే. అవి బరువైనవే గాని, ముక్కులో ఎలాగూ బరువు కావాలి.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఫుల్డాకు, అక్కడి నుంచి చిన్న రైల్లో గెర్స్‌ఫెల్డ్‌కు, ఆ పైన బస్సు. ఈ దారి గురించి చెప్పుకోవలసినంత ఏమీ లేదు, ఆ పొడవాటి పెట్టెతో బస్సు ఎక్కేటప్పుడు ఎవరి మోకాళ్లకూ తగలకుండా తిప్పడం తప్ప. కొండ మీదికి చేరేసరికి దట్టమైన పొగమంచు. రేన్ పర్వతాల్లో ఎత్తైన 950 మీటర్ల శిఖరం మీద ఉన్నానని తెలుసు గాని, ఇరవై అడుగుల అవతల ఏముందో తెలియదు. ప్రచ్ఛన్న యుద్ధ కాలపు రాడార్ గోళం దగ్గరికి వెళ్లేదాకా కనిపించలేదు. మరునాడూ అదే వరస. పెట్టె తెరవను కూడా లేదు.

పోయిన పొద్దును పూర్తిగా వృథా కానివ్వకుండా కాపాడింది అక్కడి గ్లైడర్ మ్యూజియం. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత వెర్సాయ్ ఒప్పందం జర్మనీలో మోటారు విమానాలకు సంకెళ్లు వేసినప్పుడు, మోటారు లేకుండానే ఎగరాలని యువకులు ఈ బోడి కొండకు చేరారు. 1920లో ఆస్కార్ ఉర్సినస్ చొరవతో ఇక్కడ మొదటి రేన్ పోటీ జరిగింది. ఆనాడు గాలిలో నిలవడాన్ని నిమిషాల్లో లెక్కపెట్టుకునేవాళ్లు. రెండేళ్లకే, 1922 ఆగస్టులో, హానోవర్ విద్యార్థుల వాంపైర్ గ్లైడర్‌లో ఆర్థర్ మార్టెన్స్ గంటకు పైగా ఎగిరాడు. కొద్ది రోజుల్లోనే ఫ్రెడరిక్ హెంట్సెన్ అదే విమానంలో మూడు గంటలు దాటాడు. ఆ వాంపైర్ రెక్క ముందు భాగం ప్లైవుడ్ తొడిగిన మూసిన గొట్టం, వెనక భాగం గుడ్డ. నా బల్ల మీద బాల్సాతో చేసింది అచ్చంగా అదే నిర్మాణం. చెక్క గ్లైడర్లు కట్టేవాళ్లంతా ఈ నూరేళ్లుగా ఆ విద్యార్థుల లెక్కనే తిరగరాస్తున్నారు, చాలామందికి ఆ సంగతి తెలియకపోయినా. నమూనా విమానాలకు కూడా ఆ మ్యూజియంలో చోటిచ్చారు. ఒక గాజు బీరువా ముందు నిలబడి, రేడియోలో వాల్వులున్న కాలంలో రిసీవర్ ఒక్కటే ఎంత బరువుండేదో చూసినప్పుడు, నేను ఏరుకున్న గ్రాముల మీద నాకే కొంచెం నవ్వు వచ్చింది.

చివరికి ఒక మధ్యాహ్నం పడమటి గాలి పొగమంచును తుడిచిపెట్టింది. మోటారు గ్లైడర్లూ పెద్ద గ్లైడర్లూ దిగే ఎయిర్‌ఫీల్డ్ కొండ మీదే ఉంది కాబట్టి నమూనాలను ఇష్టం వచ్చిన చోట ఎగరేయడం కుదరదు. అనుమతించిన వాలు ఏదో, ఏ ఎత్తు దాటకూడదో ముందే అడిగి తెలుసుకుని అక్కడికి నడిచాను. 1923లో ప్రతిష్ఠించిన వైమానికుల స్మారకం మీది కంచు గద్ద కూడా పడమటి వైపే చూస్తూ ఉంటుంది. వాలు అంచున గాలిమాపకం పట్టుకుంటే సెకనుకు తొమ్మిది మీటర్లు చూపించింది. కొండకు ఎదురు తగిలిన గాలి పైకి మళ్లక తప్పదు. అలా మళ్లిన గాలిలో, అంచుకు కాస్త ముందుగా, గ్లైడర్ ఎంతసేపైనా నిలుస్తుంది. థర్మల్ లాగా వెతకనక్కర్లేదు, ఉన్నచోటు తెలుసు. ఇదంతా చదివి తెలుసుకున్నదే.

రేడియో సంకేతం అందే దూరం తనిఖీ చేసి, ముక్కు కొద్దిగా కిందికి ఉంచి గాలికి ఎదురుగా విసిరాను. గ్లైడర్ పైకి మళ్లిన ఆ గాలిలో, అంటే లిఫ్టులో, పైకి లేచినట్టే లేచి, అక్కడే నిలబడిపోయింది. ముందుకు పోదు. ముక్కు దించితే కాస్త కదులుతుంది, వదిలితే దారం కట్టిన గాలిపటంలా వెనక్కి, నా తల మీదికి జరుగుతుంది. అంచు వెనకకు పోతే సుడిగాలి ఉంటుంది, అందులో పడితే రెక్కకు పట్టు దొరకదు. ట్రాన్స్‌మిటర్ కర్ర ముందుకు నొక్కిపట్టి ఎలాగో ముందు వైపు తెచ్చి, వాలు మీదే గడ్డిలో దించాను.

పక్కన మడత కుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తున్న ఒక పెద్దాయన లేచి వచ్చారు. ఆయన పక్కన 3.75 మీటర్ల రెక్కలున్న కేఏ 6 గ్లైడర్ నమూనా ఉంది, అసలు విమానానికి నాలుగో వంతు. ఆ అసలు విమానం రుడాల్ఫ్ కైజర్ రూపకల్పన. దాన్ని తయారుచేసిన ష్లైషర్ కర్మాగారం కింద లోయలోని పోపెన్‌హౌసెన్‌లో 1927 నుంచి నడుస్తోంది. అంటే ఆయన తన నమూనాను దాని పుట్టినింటి మీద ఎగరేస్తున్నారన్నమాట. నా గ్లైడర్‌ను చేత్తో ఎత్తి చూసి, "బరువెంత?" అని అడిగారు. చెప్పాను. మెచ్చుకుంటారనే అనుకున్నాను. "చాలా బాగా కట్టారు. కాకపోతే ఈ గాలికి ఇందులో అర కిలో తక్కువైంది" అన్నారు.

నెలల తరబడి గరుకు కాగితంతో రుద్ది, తూచి, మళ్లీ రుద్దిన వాడికి ఆ మాట వినసొంపుగా ఉండదు. కొంత వాదించాను కూడా. ఆయన వాదించలేదు, తన పెట్టె తెరిచి సీసపు పట్టీలు తీసి తూచారు, స్పాంజితో చుట్టి, రెక్క పీట కింద, సరిగ్గా గరిమనాభి ఉన్నచోట బిగించారు. అక్కడే పెడితే ముక్కు, తోక తూకం మారదు, మారేది వేగం ఒక్కటే. లెక్క నాకు తెలియనిది కాదు. రెక్క అదే ఉండగా బరువు పెరిగితే ఎగిరే వేగం బరువు వర్గమూలంతో పెరుగుతుంది. 1,500 గ్రాములు 2,000 అయితే ప్రతి వేగమూ దాదాపు 15 శాతం పెరుగుతుంది. ముందుకు జారే దూరానికీ కోల్పోయే ఎత్తుకూ ఉన్న నిష్పత్తి ఇంచుమించు అలాగే ఉంటుంది, ఆ జారుడు ఇంకాస్త ఎక్కువ వేగంతో జరుగుతుంది, అంతే. కిందికి దిగే వేగం కూడా పెరుగుతుంది గాని, కొండ ఇచ్చే లిఫ్టు ముందు అదొక లెక్క కాదు. మైదానంలో బలహీనమైన థర్మల్‌లో ప్రాణం మీదికి తెచ్చే బరువు ఇక్కడ గాలిని చీల్చుకుపోవడానికి పనికొస్తుందన్న సంగతి పుస్తకంలో చదివినప్పుడు తల ఊపాను, చేతికి తగిలినప్పుడు నోరు తెరిచాను.

రెండోసారి విసిరినప్పుడు అది వేరే విమానం. లోయ మీదికి నేరుగా దూసుకుపోయింది, వెనక్కి తిప్పితే వాలు పొడవునా ఈల వేస్తూ పరుగెత్తింది. మలుపు ఎప్పుడూ కొండకు అవతలి వైపే తిప్పాలని, కొండ ఎవరి కుడి చేతి వైపు ఉంటే దారి వాళ్లదేనని పెద్దాయన నా భుజం పక్కన నిలబడి చెబుతూనే ఉన్నారు. ఆయనే నాచేత ఒక పరీక్ష చేయించారు. స్థిరంగా ఎగురుతున్న గ్లైడర్ ముక్కును కాస్త దించి ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలకను, అంటే ఎలివేటర్‌ను, వదిలేయమన్నారు. వెంటనే ముక్కు పైకెత్తుకుంటే ముందు భాగం బరువెక్కువ, ఇంకా కిందికి మునుగుతుంటే వెనక భాగం బరువెక్కువ. నాది గట్టిగా పైకెత్తుకుంది. కిందికి దించి బ్యాటరీ వెనక్కి జరిపాము. ఆ తర్వాత ఎలివేటర్ కదపవలసిన పనే సగం తగ్గింది. సాయంత్రం దాకా ఆయన కేఏ 6, నా పేరులేని చెక్క రెక్క ఒకే గాలిలో అటూ ఇటూ తిరిగాయి. బరువైన ఆయన విమానం నిదానంగా, హుందాగా మలుపు తిరుగుతుంటే, నాది తొందరపడుతున్నట్టు ఉండేది.

దిగడమే కష్టమైంది. మధ్య రెక్కకు, కిందికి వంచి వేగం తగ్గించే ఫ్లాపులు పెట్టలేదు, రెండు ఏలెరాన్లూ పైకి లేపితే వచ్చే కొద్దిపాటి ఆపుదల సీసం మోస్తున్న రెక్కకు చాలలేదు. అంచు వెనక సుడిలో ఒక రెక్క కొస గడ్డిని తాకింది, గ్లైడర్ గిర్రున తిరిగింది. పరుగెత్తి చూస్తే ఏదీ విరగలేదు. అతుకు మీద చుట్టిన టేపు తెగి, కొస భాగం కార్బన్ కడ్డీ మీదుగా జారి బయటికి వచ్చి, ప్లగ్గు ఊడి పక్కన పడి ఉంది. రెండే భాగాలుగా కట్టిన రెక్క అయితే స్పార్ విరిగి ఉండేది. పెట్టె కోసం, తిట్టుకుంటూ కోసిన ఆ అతుకులు మోసిన బరువుకు ఇదొక సమాధానం.

సీసం తిరిగి ఇవ్వబోతే పెద్దాయన ఉంచుకోమన్నారు. తనిఖీ బల్ల దగ్గర ఎక్స్‌రే తెర మీద ఆ పట్టీలు ఎలా కనిపిస్తాయో ఊహించుకుని వద్దన్నాను. కొత్త మధ్య రెక్క పని మొదలుపెట్టాను. స్పార్‌కు వెనకగా, గరిమనాభి మీదుగా పోయేలా 14 మిల్లీమీటర్ల గొట్టం ఒకటి పెడుతున్నాను, ఇత్తడి కడ్డీలు గాలిని బట్టి అందులో దూర్చవచ్చు, తీయవచ్చు. ఫ్లాపులకు మరో రెండు సర్వోలు కావాలి. వాటి తీగలు అతుకు దాటనక్కర్లేదు కాబట్టి అదనపు ప్లగ్గుల బెడద లేదు. బాల్సా పలకలను ఈసారి కూడా తూచే ఏరుతున్నాను, ఎందుకంటే గొట్టంలో కడ్డీలు లేని రోజున రెక్క తేలికగానే ఉండాలి.