నీళ్లు తాగనిచ్చిన కోచ్

మినియాపొలిస్‌లో మా అబ్బాయి దగ్గర రెండు నెలలున్నాను. మాల్ ఆఫ్ అమెరికా, మిసిసిపి నది పుట్టే చోటు అన్నీ తిప్పాడు. అవి అందరూ చూసేవే. నాకు మాత్రం కాలేజ్‌విల్‌లో గడిపిన ఒక్క శనివారమే మళ్లీ మళ్లీ గుర్తొస్తోంది.

బయల్దేరేటప్పుడు మనసేం బాలేదు. మావాడి కారు రిపేరులో ఉంటే అద్దెకు తీసుకున్నాం. ముందు చెప్పిన రేటు ఒకటి, చేతికిచ్చిన బిల్లు ఇంకొకటి. ఇన్సూరెన్స్ అనీ ఇంకేదో అనీ దాదాపు రెట్టింపు చేశారు. ఐ-94 హైవే మీద సెయింట్ క్లౌడ్ దాటేదాకా ఆ మంట చల్లారలేదు.

కాలేజ్‌విల్‌లోని సెయింట్ జాన్స్ యూనివర్సిటీ బెనెడిక్టిన్ అనే క్రైస్తవ సన్యాసుల మఠం వాళ్లది. ఆర్కిటెక్ట్ మార్సెల్ బ్రాయర్ కట్టిన చర్చి ముందు గంటలు మోసే కాంక్రీటు గోడ చూసి, అక్కణ్ణించి క్లెమెన్స్ స్టేడియంకి నడిచాం. చుట్టూ చెట్లు, మధ్యలో గిన్నెలాంటి పల్లం. అక్టోబరు కాబట్టి ఆకులన్నీ ఎర్రబడి ఉన్నాయి.

అక్కడ అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్. ఆట నాకు అర్థం కాలేదు. మావాణ్ణి అడుగుతుంటే పక్కనున్న ఎర్ర టోపీ పెద్దాయనే విడమరిచి చెప్పడం మొదలుపెట్టాడు. డెబ్బైల్లో ఇక్కడే ఆడాడట. ఇది డివిజన్ 3 కాలేజీ, అంటే కాలేజీ ఆటల్లో మూడో స్థాయి, ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వరు. ఆడతానని వచ్చినవాణ్ణి కోచ్ జాన్ గలార్డీ వెనక్కి పంపేవాడు కాదట.

"మీరు ఆయన్ని ఏమని పిలిచేవారు?" అన్నాను.

"జాన్ అనే. కోచ్ అంటే ఒప్పుకునేవాడు కాదు."

ఆయన ప్రాక్టీసులో ఈల లేదు, ఒకరినొకరు పడగొట్టుకోవడం లేదు, గంటన్నర దాటడం లేదు. ఇదంతా ఎక్కడ నేర్చుకున్నాడని అడిగితే కొలరాడోలోని ట్రినిడాడ్ సంగతి చెప్పాడు. 1943లో హైస్కూలు కోచ్‌ని యుద్ధానికి పిలిస్తే, పదహారేళ్ల జాన్ తన తోటివాళ్లకే కోచ్ అయ్యాడు. పాత కోచ్ ప్రాక్టీసులో నీళ్లు తాగనిచ్చేవాడు కాదు. జాన్ తాగనిచ్చాడు.

నీళ్ల మాట వినగానే మా హైస్కూలు గ్రౌండు కళ్లముందుకొచ్చింది. తెనాలి పక్కన పల్లెటూరు, మధ్యాహ్నం మూడింటికి కబడ్డీ. గ్రౌండు పక్కనే బోరింగు. ఆడేటప్పుడు నీళ్లు తాగితే పొట్ట పట్టేస్తుందని డ్రిల్లు మాస్టారి నమ్మకం. బోరింగు వైపు చూస్తే చాలు, ఈల మోగేది, వెనకే బెత్తం. మా జట్టులో అందరికంటే బాగా కూత పట్టేవాడు ఒకరోజు రౌండ్లు కొడుతూ కళ్లు తిరిగి పడిపోయాడు. ఆ తర్వాత మళ్లీ గ్రౌండులో అడుగు పెట్టలేదు. మాస్టారు చెడ్డవాడు కాదు, ఆయనకి నేర్పినవాళ్లూ అలాగే నేర్పారు. పదహారేళ్ల జాన్‌కీ అలాగే నేర్పారు కదా!

మిగతా ఆట ఎలా సాగిందో నాకు గుర్తులేదు. వచ్చేటప్పుడు మఠం వాళ్ల జానీ బ్రెడ్ రెండు కొన్నాం.

ఆ రాత్రి, ఇండియాలో తెల్లారాక, ఆ కూతగాడికి ఫోన్ చేసి అంతా చెప్పాను. 2003లో జాన్, ఎడ్డీ రాబిన్సన్ అనే ఇంకో కాలేజీ కోచ్ పేరున్న 408 గెలుపుల రికార్డుని దాటాడనీ, 86 ఏళ్లకి, 2012లో గానీ మానలేదనీ, 2018లో పోయాడనీ. వాడు అడ్డు రాకుండా విన్నాడు.

"నీళ్లు తాగనిచ్చి, పడగొట్టుకోవద్దని చెప్పి... మొత్తం ఎన్ని గెలిచాడ్రా?"

"489. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఇంకెవరూ అన్ని గెలవలేదు."

ఫోన్‌లో చాలాసేపు వాడి ఊపిరి మాత్రమే వినిపించింది.