నన్నారి తీగ కోసం తలకోన దాకా

తలకోన వెళ్తున్నామనగానే అందరూ జలపాతం గురించే అడిగారు. నీళ్లు పడుతున్నాయా, కోతుల బెడద ఎలా ఉంది, గది దొరుకుతుందా అని. నాకేమో నన్నారి తీగను అది పెరిగే చోట చూడాలని ఉంది. రాయలసీమలో ఎండలు ముదిరితే ఏ బస్టాండు దగ్గరైనా నిమ్మకాయ పిండి, నన్నారి పోసి, సోడా కొట్టి ఇస్తారు కదా, ఆ నన్నారి. ఏళ్ల తరబడి తాగుతున్నా దాని ఆకు ఎలా ఉంటుందో నాకు తెలీదు. మా వదిన తిరుపతిలో కాలేజీ పిల్లలకు బోటనీ చెబుతుంది. అడిగితే, "ఫోటోల్లో చూస్తే ఏం తెలుస్తుంది, కొండ దగ్గరికే పోదాం పద" అంది.

చలికాలం పొద్దు. రంగంపేట దాటాక భాకరాపేట ఘాట్ ఎక్కాం. వదిన మలుపు మలుపుకీ ఒక చెట్టు చూపిస్తుంటే, స్టీరింగ్ ముందున్న అన్నయ్య "నన్ను రోడ్డు చూడనీవే" అని విసుక్కున్నాడు.

ఫారెస్టు చెక్‌పోస్టు దగ్గర కారు ఆపి డిక్కీ తెరిపించారు. సీట్ల కింద కూడా వంగి చూశారు. ఎర్రచందనం దుంగల కోసం. ఈ చెట్టు సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తంలో తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు దాని ఇల్లు. 1995లోనే అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో జాబితాలో చేర్చారు. చేవకు ఆ ఎరుపు శాంటలిన్ అనే రంగు పదార్థాల వల్ల వస్తుంది. శ్రీగంధంలా ఘుమఘుమలాడుతుందనుకుంటారు గానీ, దీనికి చెప్పుకోదగ్గ వాసనే లేదు. స్మగ్లింగ్ ఆపడానికి ప్రత్యేకంగా టాస్క్‌ఫోర్సు పెట్టారు, మంచిదే. డిక్కీలో దుంగకు బదులు గోనెసంచి నిండా నన్నారి కొమ్ములు, అంటే ఆ తీగ వేరు గడ్డలు, ఉంటే వాళ్లు ఏం చేసేవాళ్లు అని అడిగాను. "బంగాళాదుంపలు అనుకుని వదిలేసినా వదిలేస్తారు" అంది వదిన.

జలపాతం గురించి ఎక్కువ చెప్పను. 270 అడుగుల ఎత్తు నుంచి ఆ రోజు సన్నగానే పడుతోంది. సిద్ధేశ్వరస్వామికి దండం పెట్టుకుని, కింద దారిలో నడిచాం. తొడంత లావున మెలికలు తిరిగి చెట్ల మీదికి పాకిన గిల్లతీగల దగ్గర సెల్ఫీల గోల. అక్కణ్ణుంచి పైకి, రాళ్లు తేలిన చోట, వదిన ఒక చెట్టు దగ్గర ఆగింది. కాగితంలా పొరలు లేచిన బెరడు. కొండ సాంబ్రాణి. శేషాచలం చుట్టుపక్కల కొండల్లో తప్ప ఎక్కడా కనిపించని రకం. మాను నిండా గొడ్డలి గాట్లు. గాటు పెడితే కారే జిగురు గట్టిపడి సాంబ్రాణి అవుతుంది. లోతు తక్కువగా, ఒకటో రెండో గాట్లు పెట్టి, మానేదాకా ఆగితే చెట్టు తట్టుకుంటుంది. ఈ చెట్టుకు అంత గడువు ఇచ్చినట్టు లేదు. ఒక పక్క బెరడు పూర్తిగా ఊడిపోయి, లోపలి చెక్క బూడిద రంగుకు తిరిగింది.

"పేరిత సంగతి ఇంకా ఘోరం" అంది వదిన. ఈతచెట్టు పిల్లలా ఉండే ఆ సైకాస్ జాతి మొక్కలో మగ మొక్క, ఆడ మొక్క వేరువేరు. మగ మొక్క నడినెత్తిన వచ్చే కంకిని ఒంటికి బలమని కోసుకుపోతారు. పుప్పొడి అందులోనే ఉంటుంది. అది కాస్తా పోతే ఆడ మొక్కకు విత్తనం పట్టేదెలా? మొక్కను నరకలేదు కదా అనుకుంటాం, దాని వంశాన్నే కోసేస్తున్నాం.

నన్నారి మాత్రం దారిలో ఎక్కడా కనబడలేదు. "చేతికందే చోట మిగలదు" అని వదిన ముందే చెప్పింది. పైగా ఇది నేషనల్ పార్కు, ఆకు కూడా తెంపకూడదు. అందుకే కొండ దిగి, అడవి బయట ఉన్న ఒక యానాది కాలనీకి వెళ్లాం. అక్కడి పెద్దాయన ఒకరు వదినకు ముందే తెలుసు. విత్తనాలు మొలిపించి తన చేను గట్టున నాలుగు తీగలు పెంచుతున్నాడు.

గులకరాళ్ల గట్టు మీద, కంచెకు అల్లుకుని ఉంది. కాడ గోధుమ రంగులో, కణుపుల దగ్గర ఉబ్బి ఉంది. ఆకులు ఎదురెదురుగా, మందంగా, చివర గుండ్రంగా ఉన్నాయి. ఒకటి తుంచితే తెల్లటి పాలు. ఏ వాసనా లేదు. తాత గునపంతో తీగకు ఒక పక్కే, జానెడు దూరంలో తవ్వడం మొదలుపెట్టాడు. రాళ్లు ఒక్కొక్కటే చేత్తో తీసి వరసగా పెట్టాడు. మోచేయి లోతు వచ్చేసరికి చేతివేళ్ల లావున గడ్డలు గుత్తిగా కనిపించాయి. వాటిలో రెండు మాత్రం కొడవలితో కోసి, మిగతావాటి మీద మట్టి కప్పి, తీసిన రాళ్లు మళ్లీ పేర్చాడు.

"అంతా పెరికేస్తే తీగ యాడుంటాది నాయనా? రెండు తీసి నాలుగు ఇడిస్తే వానలకు మళ్లా ఊరతాది."

"అడవిలో కూడా ఇట్లానే తీస్తారా తాతా?" అంది వదిన.

ఆయన నవ్వాడు. "మా నాయన కాలంలో తీసేటోళ్లం. ఇప్పుడు కిలోలెక్కన కొంటారు. నేను ఇడిచిపెడితే ఎనకాల వచ్చేటోడు తీసకపోతాడు."

గడ్డను రాతి మీద పెట్టి కొడితే కండ విడిపోయి, లోపల పుల్లలాంటి నడిమి భాగం బయటపడింది. దాన్ని పారేసి కండ మాత్రమే వాడతారు. అప్పుడు వచ్చింది వాసన, వెనిలా ఐస్‌క్రీమ్ డబ్బా మూత తీసినట్టు. వదినలో లెక్చరర్ నిద్ర లేచింది. ఆ వాసనకు మూలం 2-హైడ్రాక్సీ-4-మెథాక్సీ బెంజాల్డిహైడ్ అట. వెనిలాకు వాసననిచ్చే వెనిలిన్‌లో ఉన్న పరమాణువులే ఇందులోనూ ఉంటాయి, కూర్పు మాత్రమే వేరు. మైసూరులోని ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ వాళ్లు ఈ వేళ్లను ఆవిరి పట్టి తీసిన నూనెలో తొంభై శాతానికి పైగా ఈ ఒక్క పదార్థమే ఉందట. సూక్ష్మజీవులను అడ్డుకునే గుణం దీనికి ఉందని ప్రయోగాల్లో తేలింది. వేరు పొడి కలిపితే నిల్వ ధాన్యానికి పురుగు పట్టకపోవడం కూడా అక్కడే పరీక్షించారు. మట్టిలో ఏళ్ల తరబడి కుళ్లకుండా, పురుగు తినకుండా ఉండాల్సిన గడ్డకు ఆ మాత్రం రక్షణ ఉండాలి మరి. మనకు కమ్మగా తగిలేది పురుగుకు పొమ్మనే హెచ్చరిక.

ఒంటికి చలవ అంటారు కదా అని అడిగాను. ల్యాబ్‌లో యాంటీ ఆక్సిడెంట్‌గా పనిచేయడానికీ మనిషి ఒంట్లో పనిచేయడానికీ చాలా దూరం ఉంటుందంది. గ్లాసు షర్బత్‌లో ఈ వేరు సారం కన్నా పంచదారే ఎన్నో రెట్లు ఎక్కువ. మందని తాగకుండా, బాగుందని తాగితే గొడవే లేదు.

నాకు తెలియని ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఆయుర్వేదంలో శారిబ అని చెప్పే సుగంధిపాల ఇంకో మొక్క. సన్నటి వేళ్లు, సన్నటి ఆకు మీద తెల్లటి చార. చాలాచోట్ల మామూలుగానే దొరుకుతుంది. వాసన దగ్గరదగ్గరగా ఉండటంతో, కండ ఎక్కువున్న ఈ కొండ నన్నారి దాని స్థానంలోకి వచ్చేసింది. వ్యాపారికి ఇందులో బరువు తూగుతుంది. దక్షిణ భారతంలో మాత్రమే, అదీ రాతి కొండల్లో పెరిగే ఈ తీగ అంతరించే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాకు ఎక్కడానికి అదీ ఓ కారణం. ఆకో, పువ్వో, కాయో వాడుకునే మొక్కకైతే వచ్చే ఏడు అనేది ఉంటుంది. వేరంతా కావాలంటే మొక్క ప్రాణమే అడుగుతున్నట్టు. అందుకే కిలో లెక్క మారనంత కాలం ఎన్ని అవగాహన సదస్సులు పెట్టినా లాభం లేదని నాకనిపిస్తుంది. చేలో పెంచిన గడ్డకు, సగం వదిలి తీసిన గడ్డకు రెండు రూపాయలు ఎక్కువిచ్చే కొనుగోలుదారు కావాలి.

వదిన మాత్రం విత్తనాల మీద పడింది. కాలేజీ వెనక స్థలంలో నారు పోయిద్దామని ఆమె ఆలోచన. కాయలు జంటగా కాస్తాయట. ఎండి పగిలితే లోపలి గింజలు పట్టులాంటి దూదితో గాలికి లేచిపోతాయి.

"రాత్రి ఉండేటివి తెల్లారేసరికి ఉండవమ్మా" అన్నాడు తాత.

"పగలకముందే గుడ్డ కట్టేయండి తాతా, పల్చటిది, గాలి ఆడేట్టు."

"పాత చీరలుంటే పంపీమ్మా, మా ఇంట్లోవి అడిగితే తంతాది."

తిరుపతి చేరాక ఆ రాత్రే బీరువా తెరిచి, వదిన రెండు నూలు చీరలు పక్కన పెట్టింది. వాటిలో ఒకటి కొత్తగానే ఉందని అన్నయ్య గొణిగాడు.