వానాకాలంలో పుట్టిన పాపకి గుడ్డ డైపర్లు: నా అనుభవం

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పాప ఆషాఢంలో పుట్టింది, అంటే ఇక్కడ సరిగ్గా ముసురు పట్టే రోజులు. నేను కడుపుతో ఉన్నప్పుడే గుడ్డ డైపర్లు వాడదామని మా ఆయనా నేనూ అనుకున్నాం. తీరా ఏవి కొనాలా అని చూస్తే అందరూ రంగుల గురించి, బొమ్మల గురించి, ఎన్ని గంటలు ఆగుతుందో దాని గురించి చెప్పేవాళ్ళే తప్ప ఉతికాక ఎంతసేపట్లో ఆరుతుందో చెప్పినవాళ్ళు లేరు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలు పడే మన వైపు ముందు అడగాల్సింది అదే. నేను ఆ ఒక్క లెక్క మీదే అన్నీ ఎంచుకున్నాను.

దొరికేవాటిలో రకాలు చాలా ఉన్నాయి. పైన నీళ్ళు కారని కవరు, లోపల జేబులో తడి పీల్చే ప్యాడ్ దూర్చే పాకెట్ డైపర్ ఒకటి. కవరూ ప్యాడూ కలిపి కుట్టేసింది ఇంకొకటి, తొడగడానికి సుఖమే కానీ అన్ని పొరలు ఒకేచోట ఉంటాయి కాబట్టి ముసురులో అది ఆరడానికి ఒక రోజు చాలదు. ఆఖరిది మన అమ్మమ్మలు వాడిన పలచటి పొత్తిగుడ్డ. మడిస్తే ఎన్ని పొరలైనా అవుతుంది, విప్పి ఆరేస్తే ఒక్క పొరే, గదిలో ఫ్యాన్ గాలికి కూడా ఆరిపోతుంది.

మా తాతయ్యవి పాత పొందూరు పంచెలు ట్రంకు పెట్టెలో ఉంటే అమ్మ తీసింది. ఏళ్ళ తరబడి ఉతికీ ఉతికీ వెన్నలా అయిపోయాయి. అంచులు గట్టిగా ఉండి ఒరుసుకుంటాయని కత్తిరించేసి, మిగతాది చతురస్రాలుగా కోసి చుట్టూ సన్నగా కుట్టింది. అదే రోజు ఒక పరీక్ష చేశాం. కొత్తగా కొన్న కాటన్ ప్యాడ్ మీద చెంచాతో నీళ్ళు పోస్తే లోపలికి ఇంకకుండా పక్కకి దొర్లిపోయాయి, పంచె ముక్క మీద పోస్తే మాత్రం పోసినచోటే తాగేసింది. కొత్త నూలులో సహజంగా ఉండే మైనం, నూనె పోయేదాకా అది సరిగ్గా పీల్చదు, అందుకని ప్యాడ్లని కాన్పుకి ముందే వేడినీళ్ళలో ఉతికి ఆరేసి మళ్ళీ ఉతికి సిద్ధం చేసుకోవాలి. ఈ సంగతి తెలియకపోతే కొన్న మొదటి రోజే కారిపోతోందని వాటిని మూలన పడేస్తారు.

పాప పుట్టినప్పుడు 2.6 కిలోలు. పాకెట్ డైపర్ల మీద మూడు కిలోల నుంచి అని రాసి ఉంటుంది, ఆ బరువు వచ్చినా సన్నటి తొడల దగ్గర సందు ఉండిపోతుంది, అందులోంచి అంతా కారిపోతుంది. పైగా బొడ్డు ఇంకా ఊడలేదు, దానికి గాలి తగలాలి, తడి తగలకూడదు. గుడ్డయితే త్రికోణంగా మడిచి ముందువైపు బొడ్డు కిందకి దించి, పైన నాడాల లంగోటీ కట్టేస్తే సరిపోయింది. పిన్నీసు జోలికి అస్సలు పోలేదు. బారసాల అయ్యాక అత్తయ్య, "మొలతాడుకి గోచీ దోపితే చాలు కదమ్మా, మా పిల్లలందరికీ అలాగే కదా" అన్నారు. ఆవిడ మాట కాదనకుండా పగలు కొన్నిసార్లు అలాగే పెట్టాను కానీ, తడిసిన మొలతాడు నడుము దగ్గర ఎర్రటి గీత పెడుతోందని చూపిస్తే ఆవిడే దాన్ని వదులు చేసి, "నాడాలే కట్టు" అన్నారు.

ఇంకో లాభం ఉంది, అది నాకు చాలా ధైర్యం ఇచ్చింది. పాలు సరిపోతున్నాయో లేదో అని మొదటి వారం ఒకటే టెన్షన్. మా ఆశా కార్యకర్త దీదీ ఇంటికొచ్చి (మూడో రోజు, ఏడో రోజు, ఆ తర్వాత 14, 21, 28, 42 రోజులకి వస్తారు) బరువు చూసి, రోజుకి ఎన్నిసార్లు ఉచ్చ పోస్తోందని అడిగేది. అయిదో రోజు దాటాక ఆరుసార్లకి తగ్గకుండా పోస్తుంటే పాలు అందుతున్నట్టే. గుడ్డలో తడి వెంటనే తెలుస్తుంది, బకెట్‌లో ముక్కలు లెక్కపెడితే జవాబు చేతిలో ఉన్నట్టే.

ఉతకడం గురించి. తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ మలం నీళ్ళలో సులువుగా కరిగిపోతుంది, ముందు చన్నీళ్ళలో జాడించి తర్వాత వేడినీళ్ళలో ఉతికితే చాలు. పసుపు మరకలు మిగిలితే ఎండ తగిలిన రోజున అవే పోతాయి, బ్లీచింగ్ అక్కర్లేదు. బట్టలు మెత్తబడతాయని కలిపే లిక్విడ్ మాత్రం వద్దు, అది పొరలా పట్టేసి గుడ్డ పీల్చడం మానేస్తుంది. ఎక్కువ సబ్బు కూడా అంతే. మా ఇంట్లో బోరు నీళ్ళు, సబ్బు నురగ రాదు, గుడ్డలు అట్టలా బిగిసిపోతాయి. అందుకని ఆఖరి జాడింపుకి వాన నీళ్ళు పట్టి వాడాం. ముసురు ఇంకా వదలనప్పుడు అమ్మమ్మ కాలంలో కుంపటి మీద గంప బోర్లించి ఆరబెట్టేవాళ్ళట, పొగ పాపకి పడదని మేం అది చెయ్యలేదు. కాస్త చెమ్మగా ఉన్న గుడ్డల మీద ఇస్త్రీ పెట్టేదాన్ని. కవర్లకి మాత్రం ఇస్త్రీ, మరగబెట్టడం రెండూ పనికిరావు, లోపలి పొర పాడైపోతుంది.

ఎన్ని కావాలి అంటే, రోజుకి డజను దాకా మార్చాల్సి వస్తుంది, వానాకాలం కాబట్టి మూడు డజన్లు పెట్టుకున్నాం. పాత గుడ్డలు లేకపోతే మల్మల్ (పలచటి నూలు గుడ్డ) మీటరు లెక్కన కొని అంచు కుట్టించుకుంటే తయారుగా దొరికేవాటికంటే బాగా చవక.

దసరా నాటికి తొడలు నిండాయి, అప్పుడు పాకెట్ డైపర్లు పనికొచ్చాయి, అదీ జేబులో పంచె ముక్కలే మడిచి పెట్టి. మైక్రోఫైబర్ (సన్నటి సింథటిక్ పోగుల) ప్యాడ్ గబగబా పీలుస్తుంది కానీ నొక్కుకుపోతే వదిలేస్తుంది, ఒంటికి నేరుగా తగిలితే చర్మం పొడిబారుతుంది కూడా, దాన్ని జేబు లోపలే ఉంచాలి. ఒరుసుకున్నచోట కొబ్బరినూనె రాసిన రోజు లోపల వేరే పలచటి గుడ్డ వేసేదాన్ని, నూనె ప్యాడ్‌కి పట్టకుండా. బరంపురం బస్సులో వెళ్ళినప్పుడు మాత్రం దుకాణంలో దొరికే వాడి పారేసేవే, దారిలో ఉతికే చోటు ఎక్కడుంటుంది. రాత్రిపూట ఇప్పటికీ రెండు పొరలు ఎక్కువ వేస్తున్నాను, తెల్లవారుజామున ఒకసారి మారుస్తున్నాను.