సైనస్ తిరగబెట్టినప్పుడు: నా అనుభవం

దీర్ఘకాలిక సైనస్ వ్యాధి తిరగబెట్టే ముందు నాకు వాసన పోతుంది. సబ్బు ముక్కు దగ్గర పెట్టుకున్నా ఏమీ తెలియదు. ఆ వెనకే ముక్కు దిబ్బడ, గొంతులోకి జారే చిక్కటి కఫం, కళ్ళ కింద బరువు వస్తాయి. చెప్పుల పట్టీ పెట్టుకుందామని వంగితే చెక్కిళ్ళు పగిలిపోతాయేమో అన్నంత నొప్పి పుడుతుంది. జ్వరం మాత్రం ఉండదు.

ఆ జ్వరం లేకపోవడమే ఈసారి నన్ను నలుగురిలో చిన్నబుచ్చింది. మొదట చూసిన వైద్యుడు థర్మామీటరు చూసి, నా మాట పూర్తికాకముందే, "జలుబుకే ఇంత బెంబేలు పడితే ఎలాగండీ?" అన్నారు. తలుపు తెరిచే ఉంది, బయట కూర్చున్నవారందరూ విన్నారు. పైపళ్ళు లాగుతున్నాయని చెబితే పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నారు. ఆయన ఒక్కొక్క పన్నూ తట్టి చూసి, లోపం పళ్ళలో లేదని, చెక్కిళ్ళ వెనక ఉండే సైనస్ గదుల అడుగుభాగం పైదవడ పళ్ళ వేళ్ళకు చాలా దగ్గరగా ఉండడం వల్ల నొప్పి అక్కడ తెలుస్తోందని వివరించి పంపారు. మామూలు జలుబు వారం, పది రోజుల్లో తగ్గుతుంది. లక్షణాలు 12 వారాలకు మించి నిలిచిపోతే అది దీర్ఘకాలిక వ్యాధి. ఎన్నాళ్ళుగా ఉందని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే తేలిపోయే విషయానికి రోగిని సిగ్గుపరచి పంపిన ఆ వైద్యుడిని నేను క్షమించలేను.

సీటీ స్కాన్ ఇబ్బంది లేకుండా అయిపోయింది. చెవి ముక్కు గొంతు నిపుణురాలు ముక్కులో మందు చల్లి మొద్దుబార్చి, సన్నని ఎండోస్కోపుతో లోపలి వాపునూ చీమునూ తెరమీద చూపించినప్పుడు, నా బాధ నిజమని తేలినందుకు నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి.

ముక్కు కడుక్కునే ఉప్పునీటికి కాచి చల్లార్చిన నీళ్ళే వాడండి. స్టెరాయిడ్ స్ప్రేను ముక్కు మధ్యగోడకు తగలనీయకుండా, చెవి వైపుకు వంచి కొట్టుకోవాలని నాకు ఆమె చెప్పేదాకా ఎవరూ చెప్పలేదు. దిబ్బడ తగ్గించే చుక్కల మందును రోజుల తరబడి వాడితే దిబ్బడ మరింత ముదురుతుంది. కంటి చుట్టూ వాపు, చూపు మసకబారడం, మెడ బిగుసుకుపోవడం కనిపిస్తే మాత్రం ఎవరేమన్నా పట్టించుకోకుండా నేరుగా అత్యవసర విభాగానికి వెళ్ళండి.