రావులపాలెం దారిలో లీటరుకు ఎంత?

అమలాపురం నుంచి రావులపాలెం దాకా రానూపోనూ దాదాపు 60 కిలోమీటర్లు నేను రోజూ కారు నడుపుతాను. నెలకు 25 రోజుల లెక్కన 1,500 కిలోమీటర్లు. పాత కారు ఇచ్చేసి కొత్తది తీసుకోవలసి వచ్చినప్పుడు ఈ 1,500 దగ్గరే ఆలోచన మొదలుపెట్టాను. పాతది కొన్ననాడు ఆ పని చేయలేదు. ఆ నష్టం చాలా ఏళ్ళు భరించాను.

అప్పుడు షోరూములో లీటరుకు 22 కిలోమీటర్లు వస్తుందని చెప్పారు. నాకు ఏనాడూ 16 దాటలేదు. చాలాకాలం అమ్మినవారి మీద కోపంగా ఉండేది. ఆ అంకె ఎలా వస్తుందో తెలిశాక అసలు సంగతి బోధపడింది. ప్రయోగశాలలో కారును రోలర్ల మీద నిలిపి, ముందే నిర్ణయించిన వేగాలలో, ఏసీ వేయకుండా నడిపి కొలిచిన మైలేజీ అది. రెండు కార్లను పక్కపక్కన పెట్టి పోల్చుకోవడానికి అది పనికివస్తుంది కానీ, మన దారిలో ఎంత వస్తుందో చెప్పదు.

మన దారి వేరు. తెల్లవారుజామున కొత్తపేట దాటగానే సైకిళ్ళకు రెండు పక్కలా అరటి గెలలు కట్టుకుని రావులపాలెం మార్కెట్టుకు పోయే రైతులు ముందు కనిపిస్తారు. వారిని దాటడానికి రెండో గేరుకు దిగి, దాటాక మూడో గేరు వేసేలోపే కాలువ వంతెన మలుపు వస్తుంది. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఉక్కపోతే కాబట్టి ఏసీ ఆపే వీలుండదు. బ్రేకు వేసిన ప్రతిసారీ, అప్పటిదాకా పెట్రోలు కాల్చి తెచ్చుకున్న వేగమంతా వేడిగా మారి పోతుంది. మళ్ళీ ఆ వేగం అందుకోవడానికి అయ్యే ఖర్చు బండి బరువును బట్టి పెరుగుతుంది. జాతీయ రహదారి మీద వేగంగా పోయేవారు గాలిని చీల్చుకుపోవడానికి ఎక్కువ ఖర్చు పెడతారు, కోనసీమ రోడ్ల మీద మనం బరువుకు పెడతాం. అందుకని ఇక్కడ తేలికైన కారే మేలని నా గట్టి అభిప్రాయం. గాలిని ఒత్తిడితో లోపలికి ఎక్కించే చిన్న టర్బో ఇంజన్ల మైలేజీ కాగితం మీద బాగానే కనిపిస్తుంది, కానీ ఇలా ఆగుతూ సాగే దారిలో అది త్వరగా పడిపోతుంది.

డీజిలు వద్దనుకోవడానికి ఒక కారణం ఉంది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 అనే కొత్త కాలుష్య నిబంధనల ప్రకారం వచ్చిన డీజిలు కార్లలో పొగగొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే కొంతసేపు ఆగకుండా మంచి వేగంతో నడపాలి. ఆగి ఆగి నడిస్తే ఫిల్టరు పూడుకుపోతుంది. పెట్రోలు ఇంజనుతో పాటు కరెంటు మోటారు కూడా ఉండే హైబ్రిడ్ కారు ఇలాంటి దారికి సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే బ్రేకు వేసినప్పుడు పోయే శక్తిలో కొంత బ్యాటరీలోకి తిరిగి వస్తుంది. దాని ధర మాత్రం నాకు అందలేదు.

సీఎన్జీ దగ్గర చాలా రోజులు ఆగాను. మన కాళ్ళ కిందనే గ్యాసు నిక్షేపాలున్న నేల ఇది, రోజూ 100 కిలోమీటర్లు తిరిగేవారికి పెట్రోలు కన్నా అది చవక. అయితే సిలిండరు డిక్కీని మింగేస్తుంది, నాకేమో వారానికొకసారి తోట నుంచి కొబ్బరికాయల బస్తాలు తేవాలి. టాటా వారు 2023 నుంచి రెండు చిన్న సిలిండర్లను డిక్కీ అడుగున అమర్చి కొంత చోటు మిగులుస్తున్నారు. బస్తాల సంగతి అలా తీరినా, బంకు దగ్గర వరుసలో నిలబడే సమయం నాకు దొరకదు.

చివరికి 1 లీటరు పెట్రోలు ఇంజనుతో, చేత్తో గేర్లు వేసే వ్యాగన్-ఆర్ తీసుకున్నాను. డ్యాష్‌బోర్డు అరలో ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకున్నాను. ఎప్పుడూ అదే బంకులో, అదే పంపు దగ్గర, పైపు తనంతట తాను టక్కున ఆగేవరకు ట్యాంకు నింపిస్తాను. కిలోమీటర్ల రీడింగు, లీటర్లు రాసుకుంటాను. ఆగిన తరవాత కుర్రవాడు చిల్లర సరిచేయడానికి మరికొంచెం కొట్టబోతే వద్దంటాను, ఆ కొంచెంతోనే లెక్క తప్పుతుంది. ఆరు నెలల సగటు 20 వచ్చింది. పాత 16తో పోలిస్తే నెలకు దాదాపు 19 లీటర్లు మిగులు. లీటరు 110 రూపాయలు అనుకుంటే 2,000 పైచిలుకు. ఒక నెల 18కి పడిపోతే కంగారుపడి చూశాను: ముందు టైర్లలో గాలి బాగా తగ్గింది. డ్రైవరు తలుపు తీసిన చోట అంటించిన కాగితంలో ఉన్న కొలత ప్రకారం గాలి పట్టించగానే తరవాతి ట్యాంకుకు మళ్ళీ 20 అందుకుంది. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం కలుపుతున్న ఇథనాల్‌కు లీటరుకు ఉండే శక్తి పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ కాబట్టి, పాత రోజుల అంకెలతో పోల్చేవారు ఆ తేడాను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

యానాంలో పెట్రోలు చవక కదా, అక్కడే నింపుకోవచ్చు కదా అని ఇంట్లో అడుగుతుంటారు. అక్కడ పుదుచ్చేరి పన్ను, మనకన్నా తక్కువే. అటు పని పడినప్పుడు తప్పకుండా నింపుకుంటాను. ప్రత్యేకంగా వెళితే మాత్రం ఎదుర్లంక వంతెన దాటి వెళ్ళి రావడానికే 3 లీటర్లు అవుతాయని నోటుబుక్కు చూపిస్తాను.