కోట లోపలా, బయటా?

"అమ్మా, మనవాళ్లు కోట లోపల ఉన్నారా, బయట ఉన్నారా?" అని మా వాడు అడిగినప్పటి నుంచి నా మనసు ఒక చోట నిలవడం లేదు.

ఇక్కడ అమెరికాలో వాడి స్కూల్లో ఫ్యామిలీ ట్రీ ప్రాజెక్ట్ ఇచ్చారు. వాడి క్లాసులో ఒక పాప పూర్వీకుడు ఇక్కడి స్వాతంత్ర్య యుద్ధంలో కెప్టెన్ అట. ఇంకో అబ్బాయి తాతల తాత అంతర్యుద్ధంలో పోరాడాడట. అది విన్నాక నేను ఊరుకోలేకపోయాను. మన మూలపురుషుడు శ్రీకృష్ణదేవరాయల సైన్యంలో దళవాయి, అంటే సేనాని అనీ, మా నెల్లూరు వైపున్న ఉదయగిరి కోట ముట్టడిలో ముందు వరసలో నిలబడి పోరాడాడనీ మా తాత చెప్పే మాటే వాడికి చెప్పాను. ఆయన పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పేరు లేకపోయినా ఫరవాలేదు, చార్టులో అన్నిటికంటే పైన 'రాయలవారి దళవాయి' అని రాయమన్నాను. వాడు రాయనన్నాడు.

మొండితనం కాదు, వాడి లెక్క వాడికి ఉంది. మేం ఎప్పుడు మాట్లాడుకున్నా వింజమూరు పక్కనున్న మా పల్లెలో తరతరాలుగా ఉన్నామనే చెప్తాను, ఆ మాట వాడు గుర్తు పెట్టుకున్నాడు. రాయలవారు వచ్చేనాటికి ఉదయగిరి ఒడిశా రాజులైన గజపతుల చేతిలో ఉందని వాడే వెతికి తెలుసుకున్నాడు. మనం అప్పటికే అక్కడున్నవాళ్లమైతే గజపతి మనుషులం, కోట లోపల ఉండాలి. రాయలవారి వెంట వచ్చినవాళ్లమైతే అది మన సొంత ఊరు ఎలా అవుతుంది? రెండిట్లో ఏదో ఒకటి చెప్పమంటాడు. మా తాత ఈ రెండు మాటలూ ఒకే అరుగు మీద కూర్చుని చెప్పేవాడు. నేను రెండూ నమ్మాను, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలని నాకు ఎన్నడూ తోచలేదు.

1513లో మొదలైన ముట్టడి అది. ఏడాదికి పైగా సాగి 1514లో కోట రాయలవారి వశమైంది. నిటారుగా ఉన్న కొండ, పైకి పోను సరైన దారి లేదు. గుర్రాల వ్యాపారం మీద విజయనగరంలో ఉన్న పోర్చుగీసు నూనిజ్, కొండరాళ్లు పగలగొట్టించి దారులు వేయించిన సంగతి రాసిపెట్టాడు. కోట పడ్డాక గజపతి బంధువు తిరుమల రౌతరాయడు పట్టుబడ్డాడు. కోటలోని బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి గుడి కట్టించారు. మరుసటి ఏడు 1515లో కొండవీడు కూడా పడింది. చివరికి ప్రతాపరుద్ర గజపతి తన కూతురినే రాయలవారికిచ్చి పెళ్లి చేసి సంధి చేసుకున్నాడు. అంత రక్తం కారాక వాళ్లిద్దరూ మామా అల్లుళ్లయ్యారు! కోట కింద చచ్చిపోయినవాళ్ల ఇళ్లలో ఆ పెళ్లి కబురు ఎలా విన్నారో అనుకుంటాను.

ఆ రాళ్లు పగలగొట్టినవాళ్లు ఎవరు? సైన్యంలో ఆ పనివాళ్లు ఉండే ఉంటారు, కానీ చుట్టుపక్కల పల్లెల వాళ్లను కూడా పట్టుకొచ్చి చేయించి ఉంటారని నాకు అనిపిస్తుంది. మెట్ట సేద్యం చేసుకునే మా బోటివాళ్లు కోట లోపలా బయటా కాకుండా, గునపం పట్టుకుని కొండ వాలున ఉండే వీలే ఎక్కువ. ఆ మాట మా వాడితో అంటే, అదైతే రాస్తానన్నాడు. నాకే మనసు రాలేదు. ఇంత దూరం వచ్చి, క్లాసులో అందరూ కెప్టెన్ల పేర్లు చెప్తుంటే నా కొడుకు రాళ్లు కొట్టేవాళ్ల పేరు చెప్పడమా అనిపించింది. శ్రమను గౌరవించాలని వాడికి రోజూ చెప్పేది కూడా నేనే.

ఇంకో సంగతి. పెళ్లిళ్లలో, కర్మాంతరాల్లో పెద్దవాళ్లు వంశం గొప్పలు చెప్పుకోవడం చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. రాయలవారి వెంట వచ్చామనేవాళ్లున్నారు, కాకతీయుల సేనానుల సంతతి అనేవాళ్లున్నారు, వెంకటగిరి రాజాల దగ్గర పని చేశామనేవాళ్లున్నారు. గజపతి వైపు నిలబడి ఓడిపోయామని చెప్పినవాళ్లను ఒక్కరినీ చూడలేదు. ఉదయగిరి కోటను ఏడాది పైన కాచిన మనుషులు ఉన్నారు కదా, వాళ్లకూ పిల్లలు పుట్టి ఉంటారు కదా. ఆ పిల్లల సంతతంతా ఏమైపోయింది? నాకు తోచిన జవాబు ఒక్కటే, రెండు మూడు తరాలయ్యాక వాళ్లూ రాయలవారి వైపుకే వచ్చేసి ఉంటారు.

మా నాయనకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "మీ తాత అబద్ధం చెప్పాడంటావా?" అన్నాడు. కాదు నాయనా, ఆధారం కావాలంటున్నాడు పిల్లోడు అన్నాను. "ఆధారం అడిగితే మీ తాతకు వాళ్ల తాత చెప్పాడు, అంతే" అన్నాడు. కాసేపటికి ఆయనే మళ్లీ చేసి, "లోపలున్నా తప్పేముందిలే. ఉప్పు తిన్న కోటను కాచినవాడు కూడా మగాడే. అయినా మనం మాత్రం రాయలవారి వైపే" అన్నాడు. గొంతులో బాధ తెలుస్తూనే ఉంది. ఎనభైకి దగ్గరపడ్డ మనిషిని నొప్పించి నేను సాధించేదేమిటి అని ఆ రాత్రంతా ఆలోచించాను. పిల్లవాడి ప్రశ్నను నోరు మూయించి సాధించేది కూడా ఏమీ లేదు మరి.

ఇక్కడ డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రివల్యూషన్ అని 1890లో పెట్టుకున్న సంఘం ఉంది. అందులో చేరాలంటే మన దగ్గర నుంచి ఆ యుద్ధంలో పాల్గొన్న మనిషి దాకా ప్రతి తరానికీ కాగితం చూపించాలి, ఎవరు ఎవరి బిడ్డో రుజువు చేయాలి. వాళ్ల యుద్ధం రెండున్నర శతాబ్దాల నాటిది. మనది అయిదు వందల ఏళ్లది. తరానికి పాతికేళ్లు వేసుకుంటే ఇరవై తరాలు. తల్లీ తండ్రీ ఇద్దరు, వాళ్ల తల్లిదండ్రులు నలుగురు, ఇలా పూర్వీకులు తరానికి రెండింతలవుతూ పోతే ఇరవయ్యో మెట్టు మీద 10,48,576 చోట్లు వస్తాయి. అన్ని లక్షల మంది వేరువేరు మనుషులేమీ కాదు. మనకు మేనరికాలున్నాయి, మేనమామను చేసుకునే అలవాటుంది, కాబట్టి ఒకే మనిషి చాలా చోట్ల వస్తాడు. మా అమ్మవైపే అలాంటి పెళ్లిళ్లు వరసగా జరిగాయి, చార్టు గీస్తే కొమ్మలు విడిపోకుండా మళ్లీ మళ్లీ వచ్చి కలుస్తున్నాయి. డీఎన్ఏ పరీక్ష చేయించమని ఒక స్నేహితురాలు చెప్పింది. లోలోపల పెళ్లిళ్లు చేసుకున్నవాళ్లలో దూరపు చుట్టరికం కూడా దగ్గరిదిలా కనిపిస్తుంది. పైగా ఇరవై తరాల కిందటి ఒక్క మనిషి నుంచి మనకు ఒక్క ముక్క కూడా వచ్చి ఉండకపోవచ్చు. దళవాయి అందులో దొరకడు.

తర్పణం వదిలేటప్పుడు మనం చెప్పేది తండ్రి, తాత, ముత్తాత, మూడు తరాలు. అంతవరకే మనవాళ్లు పట్టుబట్టి గుర్తు పెట్టుకున్నారు. ఆపైన కావాలంటే పాత దస్తావేజులు వెతకాలి. అమ్మినవాడు ఫలానావారి కుమారుడు ఫలానా అని ఉంటుంది కాబట్టి ఒక్కో దస్తావేజు రెండేసి తరాలు చెప్తుంది, పొలం హద్దుల్లో దాయాదుల పేర్లు కూడా దొరుకుతాయి. మాన్యం భూములున్నవాళ్లయితే మాన్యాల హక్కులు పరిశీలించడానికి 1858లో మొదలైన ఇనాం కమిషన్ రిజిస్టర్లు చూడొచ్చు. ఆ కాలపు కాగితాలు వెతికే ప్రకాశం జిల్లావాళ్లు ఒకటి గుర్తు పెట్టుకోవాలి, 1904 దాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఇంకో చిక్కు, తాత పేరు మనవడికి పెట్టడం. మా దస్తావేజుల్లో ఒకే పేరు మూడుసార్లు కనిపిస్తే మా వాడు ఒక్క మనిషే నూరేళ్లు పొలాలు కొన్నాడనుకున్నాడు.

వాడికి ఖడ్గ తిక్కన కథ చెప్పాను. చార్టు కోసం కాదు, వాడు యుద్ధం గురించి అడుగుతున్నాడు కాబట్టి చెప్పాను. మన నెల్లూరు నేల మీద అంతకంటే పేరున్న సేనాని ఎవరు? తిక్కన సోమయాజికి అన్నదమ్ముల వరస, నెల్లూరు రాజు మనుమసిద్ధి సేనాని. పశువుల మేతకు కట్టాల్సిన పుల్లరి దగ్గర పశువుల కాపరుల నాయకుడు కాటమరాజుతో తగాదా వచ్చి పాలేటి ఒడ్డున యుద్ధం జరిగింది. ఖడ్గ తిక్కన యుద్ధం నుంచి వెనక్కి తిరిగి ఇంటికొచ్చాడు. ఆడవాళ్లకు పెట్టినట్టు స్నానానికి మంచం అడ్డం పెట్టి, నీళ్ల పక్కన పసుపు ముద్ద ఉంచింది భార్య. యుద్ధంలో విరిగి వచ్చావని ఎత్తిపొడుపుగా అన్నంలో విరిగిన పాలు పోసింది తల్లి. ఆయన మళ్లీ యుద్ధానికి పోయి చనిపోయాడు. చిన్నప్పుడు ఈ కథ వింటే నాకు ఒళ్లు గగుర్పొడిచేది. మా వాడు మాత్రం నన్నే చూస్తూ "నువ్వైతే పాలు విరగ్గొడతావా?" అని అడిగాడు. లేదు అన్నాను. ఆలోచించకుండానే వచ్చింది ఆ మాట. ఆ తల్లిని అంత గొప్పగా చెప్పి, నేను మాత్రం ఆ పని చేయనంటే వాడికి ఏం నేర్పినట్టు?

అదే యుద్ధాన్ని కాటమరాజు వైపు నుంచి పాడేవాళ్లు ఉన్నారు, కొమ్మువాళ్లు. రెండు పక్కల చచ్చిపోయినవాళ్లూ పాటల్లో, పద్యాల్లో మిగిలారు. ఉదయగిరి కోట లోపలివాళ్లకు అలా పాడేవాళ్లు దొరికారో లేదో.

ప్రాజెక్ట్ ఇచ్చేశాడు. పై గడిలో దళవాయి లేడు. పక్కన చిన్న అక్షరాలతో 'ఉదయగిరి యుద్ధంలో ఉన్నామని మా ఇంట్లో చెప్పుకుంటారు, ఎటు వైపో తెలియదు' అని రాశాడు. నేను దిద్దలేదు. కింది గడులు నింపేటప్పుడు నన్ను ఎక్కువ బాధ పెట్టింది వేరే ఉంది. మా జేజి, అంటే నాయనమ్మ, వాళ్ల అమ్మ పేరు అడిగితే నాకు రాలేదు, మా నాయనకు కూడా రాలేదు. ఏ ఊరి నుంచి కోడలిగా వచ్చిందో మాత్రం చెప్పాడు, కలిగిరి అవతల పల్లె. దళవాయి కథ ఇన్నిసార్లు చెప్పుకున్న ఇంట్లో, నూటపాతికేళ్ల కిందటి మనిషి పేరు లేదు.

వచ్చే సెలవుల్లో ఊరికి పోయినప్పుడు దస్తావేజుల పెట్టె దించుదామని నాయన అన్నాడు. ఆ కలిగిరి పల్లెకు కూడా పోవాలి, అక్కడి చుట్టాల్లో ఎవరికైనా ఆమె పేరు గుర్తుందేమో అడగాలి. మా వాడు వాళ్ల తాతను అడగాల్సిన ప్రశ్నలు ఇప్పటికే రాసుకుంటున్నాడు. అందులో మొదటిది కోట గురించే. ఆయన నొచ్చుకుంటాడేమో, అది కొట్టేయమని చెప్పాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు.