గుండు ఎక్కడ పడింది?

ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ఆయిల్‌ని దారి మళ్లించే వాల్వ్ బాడీని కిందకి దించుతుంటే ఒక స్టీలు గుండు టంగుమని ట్రేలో పడింది. ఏ గుంటలోంచి జారిందో అప్పుడే చూసుకోకపోతే ఇక అంతే సంగతులు. తిరిగి బిగించేటప్పుడు కాస్త వాజిలిన్ అద్దితే గుండ్లు కదలవు, తర్వాత అది ఆయిల్లో కరిగిపోతుంది.

ఈ రోజు పని 1985 కార్వెట్ కారు, 700ఆర్4 గేర్‌బాక్సు. ఫస్టు గేరు నిష్పత్తి 3.06, సెకండుది 1.63. మధ్యలో అంత ఎడం మరి, గేరు మారేటప్పుడు ఊపు చచ్చిపోతుంది. షిఫ్ట్ కిట్ (వాల్వ్ బాడీలో మార్చే విడిభాగాల సెట్టు) వేస్తే మార్పు చురుగ్గా ఉంటుంది. కానీ ఆయిల్ పోయే సెపరేటర్ ప్లేటు రంధ్రాలు కిట్‌లో చెప్పిన సైజు దాటకూడదు. దాటిందా, ప్రతి గేరుకీ వెనక నుంచి తన్నినట్టే!

అసలు ప్రాణం మాత్రం టీవీ కేబుల్‌లో ఉంది, అంటే థ్రాటిల్ నుంచి గేర్‌బాక్సుకి వెళ్లి ఆయిల్ ప్రెషర్‌ని సర్దే తీగ. ఇంజన్ ఆపి, కేబుల్ మీది ట్యాబ్ నొక్కి, స్లైడర్‌ని థ్రాటిల్‌కి దూరంగా పూర్తిగా తోసి, ట్యాబ్ వదిలేయాలి. తర్వాత థ్రాటిల్‌ని చేత్తో చివరిదాకా తిప్పితే టకటకమని అదే సర్దుకుంటుంది. కేబుల్ వదులుగా ఉంటే ప్రెషర్ చాలక మూడు, నాలుగు గేర్ల క్లచ్ ప్లేట్లు మాడిపోతాయి.

ఆయిలు ఇప్పటికే నల్లబడి మాడు వాసన కొడుతుంటే కిట్ జోలికి పోకండి. ముందు ప్లేట్లు చూడండి.